ఒకటే కుండ... మూడు కొలతలు

పలాసలో రైలు దిగి ఇచ్ఛాపురం వైపు బస్సెక్కితే ఎడమచేతి వైపు మహేంద్రగిరి కొండలు తోడొస్తాయి. కుడివైపున కంటికి కనపడకుండా సముద్రం నడుస్తుంటుంది. ఈ రెంటి మధ్యా పచ్చగా పరుచుకున్న నేలే ఉద్దానం. ‘ఉద్యానం’ అన్న మాటే జనం నోళ్లలో నలిగి నలిగి ఉద్దానం అయిందంటారు. పేరుకు తగ్గట్టే ఉంటుంది ఊరూవాడా. జీడిమామిడి తోపులు, పనస చెట్లు, మామిడి కొమ్మలు, వాటన్నిటి నెత్తిన గొడుగు పట్టినట్టు కొబ్బరి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం... ఏ మండలంలో అడుగుపెట్టినా ఇదే పచ్చదనం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటల్ని నేలమట్టం చేసి పోయింది. పడిపోయిన చెట్ల మధ్యే మళ్లీ మొక్కలు నాటారు. ఉద్దానం మళ్లీ పచ్చబడుతోంది.

కొత్తగా వచ్చినవాళ్లు ‘కోనసీమకు చెల్లెలు’ అని మురిసిపోతారు. రెండ్రోజులు ఉంటే మాత్రం ఇంకో సంగతి కంట పడుతుంది. ఇక్కడ ఏ అరుగు మీద నలుగురు చేరినా మాట చివరికి ఒకచోటికే వస్తుంది. ‘ఎంతొచ్చింది?’ అని అడుగుతారు. పంట దిగుబడి గురించి కాదు, కొబ్బరి ధర గురించీ కాదు... క్రియాటినిన్ గురించి!

ఆ వెంటనే వచ్చే రెండో ప్రశ్న: ‘మరి, నీళ్లెన్ని తాగమన్నారు?’

చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ ఉద్దానంలో దానికి ఒక్క జవాబు లేదు. ఒక్కోసారి ఒకే ఇంట్లో, ఒకే కుండ దగ్గర మూడు జవాబులుంటాయి.

సీసాలో రోజు

కవిటి వైపు కొబ్బరితోట పక్కన అలాంటి ఇల్లొకటి. రెండు గదులు, ముందు వసారా. వసారా మూలన ఇసుక కుదురు మీద మట్టికుండ, దాని మీద మూత, మూత మీద గ్లాసు. వేసవి పొద్దున్నే కోడలు ఆ కుండలోంచి నీళ్లు ముంచి ఓ ప్లాస్టిక్ సీసాలో పోస్తుంది. సీసా మీద పెన్నుతో గీసిన గీత ఉంది. గీత దాకా వస్తే ఆపేస్తుంది. అది మావగారి సీసా.

మావగారికి అరవై దాటాయి. ముప్పై ఏళ్లు కొబ్బరి దింపు తీసిన మనిషి. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. రోజు మొత్తంలో ఆయన ఒంట్లోకి వెళ్లాల్సిన ద్రవం 700 మిల్లీలీటర్లు. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందంటే... ఆయనకు ఇప్పుడు రోజుకు వచ్చే మూత్రం 200 మిల్లీలీటర్లు. దానికి మరో 500 కలిపారు డాక్టరు. ఊపిరిలోంచి, చర్మంలోంచి మనకు తెలియకుండానే కొంత నీరు పోతుంటుంది కదా, ఆ అయిదొందలూ దానికోసం. డయాలసిస్ చేయించుకునేవారికి సాధారణంగా చెప్పే సూత్రం ఇదే: నిన్న పోసిన మూత్రం ఎంతో కొలుచుకో, దానికి అరలీటరు కలుపుకో. అంతకుమించి వద్దు.

‘700 అంటే మూడున్నర గ్లాసులు, పర్లేదే’ అనిపిస్తుంది. కానీ అది ఒట్టి మంచినీళ్ల లెక్క కాదు. పొద్దునా సాయంత్రం చిన్న గ్లాసుడు టీ... 200. మూడుపూటలా మాత్రలు మింగే నీళ్లు... 100. అన్నంలోకి చారు... ఇంకో 100. సగం గ్లాసు గంజి... మరో 100. అయిదొందలు అక్కడే అయిపోయాయి. ఇక మిగిలింది 200. మే నెల ఎండలో, ఉప్పుగాలి తగిలే ఊళ్లో, రోజంతటికీ ఒకే ఒక్క గ్లాసు మంచినీళ్లు!

అందుకే సీసా మీద గీత 700 దగ్గర గీశారు. టీ తాగితే టీ గ్లాసుడు నీళ్లు సీసాలోంచి తీసి కుండలో పోసేస్తుంది కోడలు. చారు పోసుకుంటే చారంత. ఇలా చేస్తే లెక్క తప్పదని ఆస్పత్రిలో నేర్పారు. సాయంత్రానికి సీసాలో ఎంతుందో చూస్తే చాలు, రాత్రికి ఎంత దాచుకోవాలో తెలుస్తుంది.

‘‘ఏటి సేత్తాం బాబూ... సిన్నప్పుడు పాలకేడిసినట్టు, ఇప్పుడు నీల్లకేడుత్తన్నాం’’ అని నవ్వేస్తాడాయన. కోడలు నవ్వదు.

ముప్పై ఏళ్ల చిక్కుముడి

ఉద్దానంలో ఈ జబ్బు నిన్నమొన్నటిది కాదు. మూడు దశాబ్దాలకు పైగానే ఇక్కడి జనం కిడ్నీలు పాడై విశాఖ కేజీహెచ్‌కు, బరంపురానికి వెళ్లి చూపించుకుంటున్నారు. ఆంధ్ర వైద్య కళాశాల కిడ్నీ వైద్యులు ఊళ్లకొచ్చి రక్తం, మూత్రం, నీళ్ల నమూనాలు తీసుకెళ్లారు. తర్వాత దేశవిదేశాల పరిశోధకులొచ్చారు. 2019, 2020ల్లో వెలువడిన సర్వేలు చెప్పింది క్లుప్తంగా ఇదీ: ఇక్కడి పెద్దల్లో దాదాపు అయిదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు. వాళ్లలో చాలామందికి మధుమేహం లేదు, పాత రక్తపోటు లేదు. అంటే జబ్బుకు మామూలుగా చెప్పుకునే కారణాలు రెండూ లేవు!

మరి ఎందుకొస్తోంది? నీళ్లలోని సిలికా అన్నారు. పురుగుమందులన్నారు. భారలోహాలన్నారు. ఒళ్లునొప్పులకు మింగే మాత్రలన్నారు. వంశపారంపర్యం అన్నారు. ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పనిచేయడం అన్నారు. అన్నిటికీ ఎంతో కొంత ఆధారం చూపించారు గానీ, ‘ఇదే’ అని ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. శ్రీలంకలో అనురాధపురం చుట్టుపక్కల వరి రైతులకూ, నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీలకూ ఇలాంటి జబ్బే ఉంది. దేశాలు వేరు, పంటలు వేరు. ఎండ మాత్రం ఒకటే. కష్టమూ ఒకటే.

కారణం తేలకపోవడంతో ఉద్దానం జనానికి మొదట అనుమానం వచ్చింది నీళ్ల మీదే. బోరునీళ్లు తాగితే కిడ్నీ పోతుందన్న భయం ఇంటింటా చేరింది. ఆ భయం ఓ మంచి పనీ చేసింది, ఓ చెడ్డ పనీ చేసింది. మంచి నీళ్ల కోసం ఊళ్లు గొంతెత్తి అడిగాయి. సుమారు 700 కోట్ల రూపాయలతో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లను శుద్ధిచేసి ఏడు మండలాలకూ గొట్టాల్లో తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. అదే నెలలో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరుచుకున్నాయి. ఇదంతా మంచి.

చెడ్డదేమిటంటే... చాలామంది నీళ్లకే భయపడ్డారు. తాగడమే తగ్గించేశారు.

తక్కెడ చెప్పే నిజం

ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖే. ఇక్కడి నుంచి రెండొందల కిలోమీటర్లు. తెల్లవారుజామున రైలెక్కితే అర్ధరాత్రికి ఇల్లు. తర్వాత్తర్వాత సోంపేట, పలాస, కవిటి ఆస్పత్రుల్లోనే డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. డయాలసిస్ రోగుల పింఛనును 2019లో నెలకు పదివేలకు పెంచారు. ఇప్పుడు ఆటోలో వెళ్లి ఆటోలో వచ్చేస్తున్నారు.

డయాలసిస్ గదిలోకి వెళ్లగానే ముందు ఎక్కేది మంచం కాదు, బరువు తూచే మిషను. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేరు. లీటరు నీళ్లు కిలో బరువు తూగుతాయి. మొన్న డయాలసిస్ అయ్యాక 48 కిలోలున్న మనిషి ఇవాళ 51 తూగితే మూడు లీటర్లు ఒంట్లో నిలిచాయన్నమాట. ‘అమ్మతోడు, గ్లాసుడే తాగాను’ అన్నా ముల్లు వినదు.

ఒంట్లో అదనపు నీరేమీ లేనప్పుడు ఉండే బరువును ‘డ్రై వెయిట్’ అంటారు. రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగే బరువు అందులో నూటికి నాలుగు, నాలుగున్నర వంతులు దాటకూడదని వైద్యులు చెబుతారు. 48 కిలోల మనిషికి అది రెండు కిలోలు. ఎందుకింత పట్టుదల? మంచి కిడ్నీలు వారానికి 168 గంటలూ పనిచేస్తాయి. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో లీటరున్నరో రెండో మూత్రంగా పంపి మిగతాదంతా వెనక్కి ఇచ్చేస్తాయి. మిషను పనిచేసేది వారానికి పన్నెండు గంటలే. మూడ్రోజులు కూడిన నీటిని నాలుగు గంటల్లో లాగేయాలి. ఎక్కువ నీళ్లు గబగబా లాగితే రక్తపోటు పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. గుండె మీద ఒత్తిడి పడుతుంది. పోనీ లాగకుండా వదిలేస్తే? ఆ నీరు కాళ్లలోకి దిగుతుంది, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే కాస్త నయం అనిపించిందంటే నీరు పైకి చేరినట్టే. అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు, ఆస్పత్రికి పరిగెత్తాలి.

కవిటి మావగారికి ఓసారి అదే జరిగింది. శుభకార్యానికి వెళ్లారు. బంధువులంతా చుట్టూ చేరి ‘కిడ్నీ జబ్బుకు నీల్లే మందు, బాగా తాగాలి’ అన్నారు. పాపం, ప్రేమతోనే అన్నారు. చెంబులకు చెంబులు అందించారు. రెండోరోజు రాత్రి ఆయన పడుకోలేకపోయారు. కొడుకు బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక కోడలు పట్టుకుని ఆస్పత్రికి చేర్చారు. ఆ రాత్రి తర్వాతే సీసా మీద గీత పడింది.

దాహం ఉప్పులోంచి పుడుతుంది

‘నీళ్లు తగ్గించు’ అని చెప్పడం తేలిక. దాహాన్ని తగ్గించడం ఎలా? డయాలసిస్ గదుల్లో నర్సులు చెప్పే మొదటి మాట నీళ్ల గురించి కాదు, ఉప్పు గురించి. ఒంట్లో ఉప్పు ఎక్కడుంటే నీరు అక్కడే ఉంటుంది. లెక్క కూడా ఉంది. సుమారు తొమ్మిది గ్రాముల ఉప్పు ఒంట్లో నిలిచిందంటే అది లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. ఉప్పు తిన్న మనిషిని నీళ్లు తాగొద్దనడం, నిప్పుల మీద నిలబెట్టి గంతులేయొద్దన్నట్టే.

రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చెంచా ఉప్పు. వంటలో వేసింది, ఊరగాయలో ఉన్నది, అన్నీ కలిపి అంతే ఉండాలంటారు. ఉద్దానం కంచంలో అదెంత కష్టమో ఇక్కడివాళ్లకే తెలుసు. సముద్రం పక్కన ఊళ్లు. ఎండుచేప లేనిదే ముద్ద దిగదు. చద్దన్నంలోకి ఆవకాయ, లేకుంటే ఉప్పుమిరపకాయ. వేసవిలో తరవాణి. వీటిలో ఏది తిన్నా గంటలో నాలుక పిడచకట్టుకుపోతుంది. ఎండుచేపలు మానేసిన వారంలోనే మావగారికి దాహం సగానికి తగ్గిందట. ‘‘నీల్లు మానడం కన్నా సేప మానడమే కట్టమయింది’’ అంటాడు.

మిగతావన్నీ చిన్నచిన్న ఉపాయాలు. పెద్ద గ్లాసు పక్కన పెట్టి చిన్న గ్లాసు వాడటం. గటగటా కాకుండా గుక్క గుక్కగా తాగడం. నోరు పుక్కిలించి ఉమ్మేయడం. ఓ చిన్న ఐసుముక్క చప్పరించడం... అదీ లెక్కలోకే వస్తుందనుకోండి. లవంగమో యాలక్కాయో బుగ్గన పెట్టుకోవడం. మాత్రల్ని వీలైతే భోజనంతో పాటే వేసుకోవడం. మధుమేహం ఉంటే చక్కెర అదుపులో పెట్టుకోవడం, లేదంటే అదీ దాహాన్ని పెంచుతుంది.

ఇక్కడే ఉద్దానానికి మరో శిక్ష. చేయి చాస్తే అందేది కొబ్బరిబొండం. ఊరంతా చుట్టానికి మర్యాద చేసేది దాంతోనే. కానీ కిడ్నీలు పూర్తిగా పాడైన మనిషికి బొండం నీళ్లు ప్రమాదం. ఒక్క కాయలో అరటిపండుకు తీసిపోనంత పొటాషియం ఉంటుంది. కిడ్నీ బయటికి పంపలేక అది రక్తంలో పేరుకుపోతే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. ముప్పై ఏళ్లు చెట్టెక్కి ఊరందరి దాహం తీర్చిన మనిషి ఇప్పుడు చెట్టు కింద కూర్చుని బొండం వైపు చూడకుండా ఉండటం నేర్చుకున్నాడు.

కొడుకు చేసిన పొరపాటు

ఆ ఇంట్లో అసలు కథ తండ్రిది కాదు, కొడుకుది.

అతనికి ముప్పై నాలుగేళ్లు. తండ్రి పనే అతని పనీ. పొద్దున ఆరింటికి తోటలోకి వెళితే ఎండ నెత్తికెక్కేదాకా చెట్టు దిగడం, చెట్టెక్కడం. ఊళ్లో పెట్టిన వైద్య శిబిరంలో అతని క్రియాటినిన్ 1.9 వచ్చింది. మూడో దశ అన్నారు. కాళ్ల వాపు లేదు, రక్తపోటు లేదు, నొప్పి లేదు. రాత్రిపూట రెండుమూడుసార్లు మూత్రానికి లేవడం తప్ప ఏ తేడా తెలియదు. ఈ ప్రాంతపు జబ్బు తీరే అంత. చడీచప్పుడు లేకుండా లోపల పనిచేసుకుపోతుంది.

అతనేం చేశాడు? తండ్రిని చూశాడు. తండ్రి సీసా చూశాడు. ‘కిడ్నీ జబ్బంటే నీళ్లు తగ్గించాలి’ అనుకున్నాడు. ఎవరినీ అడగలేదు. తనకూ ఒక సీసా పెట్టుకున్నాడు. ఎండలో చెట్లెక్కుతూ రోజంతా లీటరుతో సరిపెట్టుకున్నాడు. సాయంత్రానికి మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చేది. ఒళ్లు పీకేస్తుంటే మందులషాపులో నొప్పి మాత్ర కొని వేసుకునేవాడు. మూడు నెలలు తిరిగేసరికి క్రియాటినిన్ 2.6!

ఆస్పత్రిలో డాక్టరు అడిగింది ఒకే ప్రశ్న: ‘‘నీళ్లు తగ్గించమని నీకెవరు చెప్పారు?’’

జబ్బు పేరు ఒకటే, కానీ దశ వేరు. తండ్రి కిడ్నీలు నీటిని బయటికి పంపలేవు. కొడుకు కిడ్నీలు పంపగలవు. నిజానికి అవసరమైనప్పుడు నీటిని పొదుపుగా ఆపుకునే శక్తి పోయింది వాటికి. రాత్రిళ్లు లేవాల్సి రావడం దానివల్లే. అలాంటి కిడ్నీకి ఎండలో నీళ్లు అందకపోతే రక్తప్రసరణ తగ్గి దెబ్బ మీద దెబ్బ తగులుతుంది. దానికి నొప్పి మాత్ర తోడైతే ఇక చెప్పేదేముంది! మండుటెండలో బరువు పని చేసే మనిషి ఒంట్లోంచి గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. అతను దాచుకున్న లీటరు ఒక్క గంట చెమటకే సరి.

నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో నేర్చుకున్న పాఠం ఇక్కడ పనికొస్తుంది. అక్కడ పాతికేళ్లు, ముప్పై ఏళ్ల కుర్రాళ్లు వరసబెట్టి చనిపోతుంటే కొన్ని తోటల్లో మూడు మాటల పథకం పెట్టారు: నీళ్లు, విశ్రాంతి, నీడ. నీళ్లొక్కటే ఇస్తే చాలలేదు. పని మధ్యలో తప్పనిసరి విరామాలు, కూర్చోడానికి నీడ కల్పించినచోట కిడ్నీలు దెబ్బతినడం తగ్గిందని తర్వాతి పరిశీలనల్లో తేలింది. ఎండలో పనిచేసే ఆరోగ్యవంతులకు మామూలుగా చెప్పేది, దాహం కోసం ఎదురుచూడకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఓ గ్లాసు తాగమని. గంటకు లీటరున్నర దాటకూడదని కూడా చెబుతారు. ఒక్కసారిగా మరీ ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పడిపోయి అదో ప్రమాదం.

కొడుక్కి డాక్టరు చెప్పింది ఇది: తెల్లవారుజామునే పని మొదలుపెట్టి పదకొండింటికి చెట్టు దిగెయ్. పక్కన నీళ్ల క్యాను ఉంచుకో. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు, ముదిరితే తక్కువైనట్టు. నొప్పి మాత్ర నన్నడగకుండా ముట్టుకోకు. కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా మళ్లీ రా. అప్పుడు లెక్క మారుద్దాం.

తర్వాతి పరీక్షల్లో అతని క్రియాటినిన్ 2.1కి దిగింది. మళ్లీ 1.9 కాలేదు. ఆ తేడా అతను చేసిన పొరపాటుకు కట్టిన జరిమానా.

అలాగని బిందెలు తాగితే?

ఈ కథ విన్నవాళ్లు రెండోవైపు పరిగెత్తే ప్రమాదముంది. ‘మొదటి దశల్లో నీళ్లు ఎంత తాగితే అంత మంచిది కాబోలు’ అని. ఆ ఆశనూ పరీక్షించి చూశారు. కెనడాలో మూడో దశ కిడ్నీ జబ్బున్న 631 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి రోజూ తాగేదానికన్నా లీటరు, లీటరున్నర అదనంగా తాగమని వెంటపడి చెప్పారు. రెండో వర్గాన్ని మామూలుగానే తాగమన్నారు. ఏడాది తర్వాత చూస్తే రెండు వర్గాల్లోనూ కిడ్నీల పనితీరు దాదాపు ఒకేలా తగ్గింది. 2018లో ఈ ఫలితం వెలువడింది. ఎండలో చెమటోడ్చే కూలీలకు దీన్ని యథాతథంగా అన్వయించలేం. అక్కడి చలి వేరు, ఇక్కడి ఎండ వేరు. కానీ ఒక్కటి స్పష్టం: పోయిన నీటిని నింపుకోవడం అవసరం, అంతకుమించి తాగిన నీళ్లు మందుగా పనిచేయవు.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల సంగతి ఇంకో వింత. నిన్నటిదాకా గుక్కలు లెక్కపెట్టుకున్న మనిషిని, కొత్త కిడ్నీ బాగా పనిచేస్తుంటే, రోజుకు రెండు మూడు లీటర్లు తాగమంటారు. చాలామందికి చెయ్యి వణుకుతుందట. ఏళ్ల తరబడి భయపడిన గ్లాసు కదా!

జీడిపిక్కల దగ్గర కోడలు

మూడో కొలత కోడలిది. ఆమెకు జబ్బు లేదు. ఇంకా లేదు అనాలేమో.

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు పరిశ్రమలు మహిళల చేతుల మీదే నడుస్తున్నాయి. పిక్కలు ఉడికించే చోట ఆవిరి, పప్పు ఆరబెట్టే చోట పొయ్యి వేడి. పల్లెల్లోనూ చిన్నచిన్న బట్టీలున్నాయి. కోడలు వెళ్లేది అలాంటి ఓ షెడ్డుకే. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే సాయంత్రం దాకా పిక్కలు కొట్టడం, పొట్టు తీయడం. ఆమె నీళ్లసీసా సగం కూడా ఖాళీ కాదు. కారణం దాహం లేక కాదు. అక్కడ ఆడవాళ్లు వెళ్లడానికి చోటు లేదు. తాగితే వెళ్లాలి, వెళ్లడానికి లేదు. కాబట్టి తాగరు. పొలం పనుల్లో, ఉపాధి పనుల్లో, దుకాణాల్లో నిలబడే ఉద్యోగాల్లో ఎందరో ఆడవాళ్లు చేస్తున్నది ఇదే. మూత్రం ఆపుకోవడం, నీళ్లు మానుకోవడం. ఇన్ఫెక్షన్లు దాంట్లోంచే వస్తాయి, రాళ్లు దాంట్లోంచే ఏర్పడతాయి.

మావగారి సీసా గీత గీసి లెక్కపెట్టే మనిషికి, మొగుడి నీళ్ల క్యాను నింపి తోటకు పంపే మనిషికి తన కొలత ఎవరూ చెప్పలేదు. శిబిరానికి వచ్చిన నర్సమ్మే అడిగింది, ‘‘మరి నువ్వెంత తాగుతున్నావమ్మా?’’ అని. ఆమె దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత షెడ్డులో పనిచేసే ఆడవాళ్లంతా కలిసి యజమానిని అడిగారు. జీతం పెంచమని కాదు, మరుగుదొడ్డి కట్టించమని. రెండు నెలలు నానింది. చివరికి షెడ్డు వెనక తలుపు, నీళ్లతొట్టి ఉన్న గది ఒకటి లేచింది. ఉద్దానం కిడ్నీల కోసం జరిగిన పనుల జాబితాలో దాని పేరు ఎక్కడా ఉండదు. కానీ ఇప్పుడు ఆమె సీసా మధ్యాహ్నానికే ఖాళీ అవుతోంది.

కుండ దగ్గర సాయంత్రం

పొద్దుగూకే వేళకు కొబ్బరాకుల సందుల్లోంచి సముద్రపు గాలి మొదలవుతుంది. ఊరి కుళాయికి వంశధార నీళ్లొస్తాయి. బిందెలు బారులు తీరతాయి. నీళ్లు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి ఉద్దానానికి ఇన్నేళ్లు పట్టింది. ఎంత తాగాలన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఏ గొట్టంలోంచీ రాదు. అది ఎవరికి వాళ్లు అడిగి తెలుసుకోవాల్సిందే. మూత్రం ఎంత వస్తోంది, బరువు ఎంత పెరిగింది, కాళ్లు వాచాయా, ఎండలో ఎన్ని గంటలున్నారు, జబ్బు ఏ దశలో ఉంది... ఇవన్నీ కలిస్తేనే ఆ మనిషి కొలత. పక్కింటాయన కొలత మనకు మందు కాదు. ఒక్కోసారి కన్నతండ్రి కొలత కూడా.

కొడుకు తోట నుంచి వచ్చి కుండలోంచి రెండు గ్లాసులు ముంచుకుని నిలబడే తాగేస్తాడు. కోడలు బిందె దించి, కొంగుతో ముఖం తుడుచుకుని తనూ ఒకటి తాగుతుంది. మావగారు వసారాలో కూర్చుని తన సీసాను వెలుతురుకు ఎత్తి చూసుకుంటాడు. అడుగున రెండు వేళ్ల ఎత్తు నీళ్లు.

‘‘తాగెయ్ మావా, ఇంక రాత్రే కదా’’ అంటుంది కోడలు.

‘‘వద్దమ్మా. అర్ధరాత్రి నోరెండిపోద్ది. అప్పుడికి దాసుకుంటాను’’ అని మూత బిగిస్తాడాయన.

ఆమె లోపలికి వెళ్లి చిన్న గ్లాసు తెచ్చి ఆయన మంచం పక్కన బోర్లిస్తుంది.